ప్రైమ్ కటకం

ప్రైమ్ కటకం అనగా ఒకే ఒక స్థిరమైన నాభ్యంతరం గల కెమెరా కటకం. దీనిని స్థిర నాభ్యంతర కటకం అని కూడా అంటారు. వాడుకలో ప్రైమ్ లెన్సు అనే మాట ఎక్కువగా వినిపిస్తుంది. నాభ్యంతరాన్ని కొంత మేరకు మార్చుకోగల కటకాన్ని జూమ్ కటకం అంటారు. జూమ్ కటకంతో నిలుచున్న చోటునుండే దృశ్యాన్ని దగ్గరగానో దూరంగానో చూడవచ్చు. ప్రైమ్ కటకంతో ఆ పని చేయాలంటే ఛాయాగ్రాహకుడే ముందుకో వెనుకకో నడవాలి. ఈ ఇబ్బంది ఉన్నప్పటికీ ఫిలిం కెమెరాలు వాడేవారు నేటికీ మంచి నిర్మాణం గల ప్రైమ్ కటకాలను ప్రత్యేకంగా వెదికి సంపాదించుకుంటారు. వెలుతురును ఎక్కువగా లోనికి రానిచ్చే గుణం, బొమ్మలోని స్పష్టత, చిన్న పరిమాణం, లోహపు నిర్మాణంలోని మన్నిక ఇందుకు ముఖ్య కారణాలు.

ఈ వ్యాసంలో ప్రైమ్ కటకాల చరిత్ర, నిర్మాణం, ఫిలింతో వాటికి గల సంబంధం వివరించబడినవి. ఉప్పుగాలి, తేమ, ఇసుక, ఎండ కలిసి ఉండే ప్రాంతానికి ఉదాహరణగా నెల్లూరు సముద్రతీరంలో ఈ కటకాల వాడకం, సంరక్షణ కూడా చెప్పబడినవి.

పేరు

ప్రైమ్ అనగా ప్రధానమైనది అని అర్థం. కెమెరాకు అమర్చిన అసలు కటకాన్ని, దాని ముందు తగిలించే అదనపు కటకాలనుండి వేరుగా గుర్తించడానికి మొదట ఈ మాటను వాడారు. జూమ్ కటకాలు వ్యాప్తిలోకి వచ్చిన తరువాత, జూమ్ కానిది అనే అర్థం దీనికి స్థిరపడింది.

నాభ్యంతరం, దృక్కోణం

కుంభాకార కటకంపై సమాంతరంగా పడిన కాంతి కిరణాలు వక్రీభవనం చెంది ఒక బిందువు వద్ద కలుస్తాయి. ఆ బిందువును నాభి అనీ, కటకం మధ్యనుండి నాభికి గల దూరాన్ని నాభ్యంతరం అనీ పాఠశాల భౌతికశాస్త్రంలో చదువుకుంటాము. కెమెరా కటకంలో అనేక గాజు ముక్కలు ఉన్నప్పటికీ, అవన్నీ కలిసి ఒకే కుంభాకార కటకం వలె పని చేస్తాయి. నాభ్యంతరం తక్కువైతే దృశ్యంలో ఎక్కువ భాగం ఫిలింపై పడుతుంది. నాభ్యంతరం ఎక్కువైతే కొద్ది భాగమే, కాని పెద్దదిగా పడుతుంది.

సాధారణమైన 35 మి.మీ. ఫిలింపై ఒక్కొక్క బొమ్మ 24 మి.మీ. ఎత్తు, 36 మి.మీ. వెడల్పు ఉంటుంది. దీని కర్ణం సుమారు 43 మి.మీ. కటకం నాభ్యంతరం ఈ కర్ణానికి దగ్గరగా ఉంటే దృశ్యం సహజంగా కనిపిస్తుంది. అందువలన 50 మి.మీ. కటకాన్ని సాధారణ కటకం అంటారు. ఈ ఫిలింపై వివిధ ప్రైమ్ కటకాల దృక్కోణాలు (కర్ణం వెంబడి) సుమారుగా ఇలా ఉంటాయి:

24 మి.మీ. - 84 డిగ్రీలు
28 మి.మీ. - 75 డిగ్రీలు
35 మి.మీ. - 63 డిగ్రీలు
50 మి.మీ. - 47 డిగ్రీలు
85 మి.మీ. - 28 డిగ్రీలు
135 మి.మీ. - 18 డిగ్రీలు

ఒకే కటకాన్ని కొంతకాలం వాడినవారికి ఆ దృక్కోణం కంటికి అలవాటవుతుంది. కెమెరాను కంటివద్దకు తీసుకొనకమునుపే, ఏది బొమ్మలో పడుతుందో, ఏది పడదో వారికి తెలుస్తుంది. ప్రైమ్ కటకాలను ఇష్టపడేవారు చెప్పే కారణాలలో ఇది ముఖ్యమైనది.

అపెర్చరు

కటకంలో వెలుతురు వచ్చే ద్వారాన్ని అపెర్చరు అంటారు. నాభ్యంతరాన్ని ఈ ద్వారపు వ్యాసంతో భాగించగా వచ్చిన సంఖ్యను ఎఫ్ సంఖ్య అంటారు. 50 మి.మీ. కటకం ద్వారం 25 మి.మీ. వెడల్పు ఉంటే అది ఎఫ్/2 అవుతుంది. ఎఫ్ సంఖ్య తగ్గినకొద్దీ వెలుతురు పెరుగుతుంది. ద్వారపు వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, ఎఫ్/2 వద్ద ఎఫ్/4 కంటె నాలుగు రెట్లు వెలుతురు లోనికి వస్తుంది.

50 మి.మీ. ప్రైమ్ కటకాలలో ఎఫ్/2, ఎఫ్/1.8, ఎఫ్/1.4 సర్వసాధారణం. ఫిలిం కాలపు సాధారణ జూమ్ కటకాలు ఎక్కువగా ఎఫ్/3.5 వద్ద మొదలయ్యేవి. ఎఫ్/1.8 కటకం ఎఫ్/3.5 కటకంకన్నా దాదాపు నాలుగు రెట్లు వెలుతురును ఇస్తుంది. సంధ్యవేళ జూమ్‌తో సెకనులో 15వ వంతు సమయం షట్టరు తెరిచి ఉంచవలసిన చోట, ఈ ప్రైమ్‌తో సెకనులో 60వ వంతు సరిపోతుంది. మొదటి దానిలో చేతి వణుకు వలన బొమ్మ చెదిరే అవకాశం ఎక్కువ. రెండవ దానిలో బొమ్మ నిలుస్తుంది.

చరిత్ర

ఛాయాగ్రహణం పుట్టిన తొలినాళ్లలో కటకాలన్నీ స్థిర నాభ్యంతరం గలవే. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ మనుషుల చిత్రాలు తీయడానికి అనువైన, ఎక్కువ వెలుతురునిచ్చే కటకాన్ని రూపొందించాడు. 1893లో ఇంగ్లండుకు చెందిన డెన్నిస్ టేలర్ కేవలం మూడు గాజు ముక్కలతో కుక్ ట్రిప్లెట్ అనే కటకాన్ని తయారుచేశాడు. జర్మనీలోని జైస్ సంస్థలో పాల్ రుడాల్ఫ్ 1896లో ప్లానార్‌ను, 1902లో టెస్సార్‌ను రూపొందించాడు. నాలుగు గాజు ముక్కల టెస్సార్, ఆరు గాజు ముక్కల ప్లానార్ తరువాత వచ్చిన వేలాది కటకాలకు ఆధారమయ్యాయి. నేటి 50 మి.మీ. ప్రైమ్ కటకాలలో అత్యధిక భాగం ప్లానార్ వంశానికి చెందినవే.

1925లో ఆస్కార్ బర్నాక్ రూపకల్పన చేసిన లైకా కెమెరా విపణిలోకి వచ్చింది. దానికి మాక్స్ బెరెక్ రూపొందించిన 50 మి.మీ. ఎఫ్/3.5 కటకాన్ని అమర్చారు. జేబులో పట్టే కెమెరాతో పెద్ద బొమ్మలు అచ్చు వేయగల స్పష్టత సాధ్యమని ఇది నిరూపించింది. 1930లలో జైస్ సంస్థ కాంటాక్స్ కెమెరాల కొరకు లుడ్విగ్ బెర్టెలె సోనార్ కటకాలను రూపొందించాడు. 1950లో అమెరికా ఛాయాగ్రాహకుడు డేవిడ్ డగ్లస్ డంకన్ జపాను దేశపు నిక్కోర్ కటకాలను కొరియా యుద్ధంలో వాడిన తరువాత జపాను కటకాలకు ప్రపంచ ఖ్యాతి కలిగింది. 1959లో నికాన్ ఎఫ్ కెమెరా వచ్చింది. అదే సంవత్సరం స్టిల్ కెమెరాలకు తొలి జూమ్ కటకమైన జూమార్ (36-82 మి.మీ.) కూడా వెలువడింది. ఆ తరువాత రెండు మూడు దశాబ్దాలపాటు జూమ్ కటకాల నాణ్యత ప్రైమ్‌లకన్నా తక్కువగానే ఉండేది.

తెలుగు నేలపై

హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) తీసిన కోటలు, దర్బారులు, వేటల చిత్రాలన్నీ గాజు పలకలపై, స్థిర నాభ్యంతర కటకాలతో తీసినవే. ఆ కాలంలో వేరొక విధమైన కటకం లేదు. దృశ్యాన్ని చట్రంలో ఇమిడ్చేందుకు బరువైన కెమెరానే జరపవలసి వచ్చేది.

తెలుగు చలనచిత్రాల స్వర్ణయుగం కూడా ప్రైమ్ కటకాల యుగమే. పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) చిత్రాలకు మార్కస్ బార్ట్లే ఛాయాగ్రహణం నిర్వహించాడు. ఆ కాలానికి సినిమా చిత్రీకరణలో జూమ్ కటకాల వాడుక అరుదు. దగ్గరి దృశ్యానికి ఒకటి, దూరపు దృశ్యానికి ఒకటి చొప్పున కటకాలను మార్చి, కెమెరాను పట్టాలపై కదిలించి చిత్రీకరించేవారు.

పట్టణాలలోని ఫొటో స్టూడియోలలో మొదట ముక్కాలి పీటపై నిలిపే పెద్ద కొయ్య కెమెరాలు, తరువాత 120 ఫిలిం వాడే జంట కటకాల కెమెరాలు ఉండేవి. రోలీఫ్లెక్స్, యాషికా మ్యాట్ వంటి వీటిలో 75 లేదా 80 మి.మీ. కటకం కెమెరాకే శాశ్వతంగా బిగించి ఉంటుంది. ఒక రీలుకు 6x6 సెం.మీ. పరిమాణంలో 12 బొమ్మలు వస్తాయి. పెళ్ళిళ్ళు, పాఠశాల బృంద చిత్రాలు దశాబ్దాలపాటు ఈ విధంగానే తీయబడినవి. ఇళ్ళలో భారతదేశంలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 వంటి సాదా కెమెరాలుండేవి. 1991 ఆర్థిక సంస్కరణలకు ముందు విదేశీ కెమెరాల దిగుమతిపై ఆంక్షలు, అధిక సుంకాలు ఉండేవి. అందువలన మంచి కటకం దొరకడమే కష్టం. దొరికిన దానిని ఒక తరం నుండి మరొక తరానికి జాగ్రత్తగా అందించేవారు. ఉదకమండలంలో 1960లో స్థాపించబడిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థ ఇందు అనే పేరుతో నలుపు తెలుపు ఫిలింను తయారుచేసేది. తరువాత ఆ ఉత్పత్తి నిలిచిపోయింది.

నిర్మాణ విశేషాలు

గాజు

కటకానికి మూలపదార్థం ఇసుక. నెల్లూరు తీరంలోని చిల్లకూరు, కోట, వాకాడు మండలాలలో తెల్లని సిలికా ఇసుక నిల్వలు కలవు. ఇది గాజు పరిశ్రమలకు ఉపయోగపడుతుంది. అయితే సీసాలకు, అద్దాలకు పనికివచ్చే ప్రతి ఇసుకా కటకానికి పనికిరాదు. ఇసుకలో ఇనుము స్వల్పంగా ఉన్నా గాజుకు ఆకుపచ్చ ఛాయ వస్తుంది. కటకపు గాజుకు అతి స్వచ్ఛమైన సిలికాతోపాటు బేరియం, లాంథనం వంటి మూలకాల ఆక్సైడులను నిర్ణీత పాళ్ళలో కలిపి కరిగిస్తారు. తరువాత లోపలి ఒత్తిళ్ళు పోయేటట్లు నిదానంగా చల్లారుస్తారు. భారతదేశంలో ఇటువంటి గాజును కలకత్తాలోని కేంద్రీయ గాజు, సిరామిక్ పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసింది.

ఒకే గాజు ముక్క అన్ని రంగులను ఒకే చోట కేంద్రీకరించలేదు. దీనిని వర్ణ విపథనం అంటారు. కటకం అంచునుండి వచ్చిన కిరణాలు, మధ్యనుండి వచ్చిన కిరణాలు వేరువేరు చోట్ల కలవడాన్ని గోళీయ విపథనం అంటారు. వేరువేరు వక్రీభవన గుణకాలు గల గాజులను జోడించి ఈ దోషాలను సరిదిద్దుతారు. ప్రైమ్ కటకంలో ఒక్క నాభ్యంతరం వద్ద సరిదిద్దితే చాలు. జూమ్ కటకంలో అన్ని నాభ్యంతరాల వద్దా సరిదిద్దాలి. అందువలన తక్కువ గాజు ముక్కలతోనే ప్రైమ్ కటకం మంచి ఫలితాన్ని ఇవ్వగలదు.

పూత

పూత లేని గాజు ఉపరితలం తనపై పడిన కాంతిలో సుమారు 4 శాతాన్ని వెనుకకు పంపుతుంది. గాలికి తగిలే ఉపరితలాలు 12 ఉన్న కటకంలో చివరకు 61 శాతం కాంతి మాత్రమే ఫిలింను చేరుతుంది. ఉపరితలాలు 24 ఉంటే 38 శాతమే చేరుతుంది. మిగిలిన కాంతిలో కొంత లోపలే అటూ ఇటూ పడి బొమ్మను వెలిసిపోయినట్లు చేస్తుంది. 1935లో జైస్ సంస్థకు చెందిన అలెగ్జాండర్ స్మకులా ప్రతిఫలనాన్ని తగ్గించే పలుచని పూతను కనుగొన్నాడు. తరువాత అనేక పొరల పూతలు వచ్చాయి. ఒక్కొక్క ఉపరితలం వద్ద నష్టం అర శాతానికి తగ్గితే, పైన చెప్పిన 12 ఉపరితలాల కటకంలో 94 శాతం కాంతి ఫిలింను చేరుతుంది. పాత కటకాలలో ఊదా, పసుపు, ఆకుపచ్చ రంగులలో కనిపించే మెరుపు ఈ పూతదే.

లోహ భాగాలు

1950ల నుండి 1970ల వరకు తయారైన మంచి ప్రైమ్ కటకాలలో గొట్టం, మరలు, కెమెరాకు బిగించే భాగం అన్నీ ఇత్తడి లేక అల్యూమినియంతో చేసినవే. స్పష్టత సరిచేసే వలయం మరచుట్టుపై తిరుగుతుంది. దానిలోని చిక్కని గ్రీజు వలన వలయం పట్టుగా, నెమ్మదిగా కదులుతుంది. అపెర్చరు వలయం ప్రతి మెట్టు వద్ద టిక్కుమని ఆగుతుంది. చీకటిలో కూడా మెట్లు లెక్కపెట్టుకొని సరిచేసుకోవచ్చు. దూరపు అంకెలు చెక్కి, వాటిలో రంగు నింపుతారు కనుక ఎన్నాళ్ళు వాడినా చెరిగిపోవు. విద్యుత్ భాగాలు లేనందున ఈ కటకాన్ని విప్పి, శుభ్రపరచి, గ్రీజు మార్చి తిరిగి బిగించవచ్చు. యాభై ఏళ్ళ కటకాలు నేటికీ పనిచేయడానికి ఇదే కారణం.

ఫిలింతో అనుబంధం

డిజిటల్ కెమెరాలో ప్రతి బొమ్మకూ కాంతి సున్నితత్వాన్ని మార్చుకోవచ్చు. ఫిలింలో అది రీలుతోనే నిర్ణయమైపోతుంది. 100 ఐ.ఎస్.ఓ. ఫిలిం వేసినవారు 36 బొమ్మలూ పూర్తయ్యేవరకు దానితోనే సరిపెట్టుకోవాలి. వెలుతురు తగ్గితే ఆధారపడదగినది కటకపు అపెర్చరు ఒక్కటే. కనుక ఎఫ్/1.8, ఎఫ్/1.4 కటకాల విలువ ఫిలిం వాడేవారికి ఎక్కువగా తెలుస్తుంది.

రెండవది, ఫిలిం ఖర్చు. ప్రతి బొమ్మకూ డబ్బు చెల్లించాలి, ఫలితం కడిగిన తరువాతనే తెలుస్తుంది. కనుక ముందుగా ఆలోచించి మీట నొక్కే అలవాటు ఏర్పడుతుంది. మారని దృక్కోణం ఈ ఆలోచనకు తోడ్పడుతుంది.

మూడవది, దూరపు కొలత. కటకంపై దూరపు అంకెల ప్రక్కన స్పష్టతా పరిధిని చూపే గీతలుంటాయి. 35 మి.మీ. కటకాన్ని ఎఫ్/11 వద్ద ఉంచి, దూరాన్ని 3.7 మీటర్లకు సరిచేస్తే, సుమారు 1.85 మీటర్ల నుండి అనంతం వరకు అన్నీ తగినంత స్పష్టంగా వస్తాయి. ఆ తరువాత స్పష్టత సరిచేయవలసిన పని లేదు. వేగంగా కదిలే దృశ్యాలకు ఈ పద్ధతి ఎంతో ఉపయోగకరం. దీనికి విరుద్ధంగా 50 మి.మీ. కటకాన్ని ఎఫ్/2 వద్ద తెరిచి 2 మీటర్ల దూరంలోని వ్యక్తిని తీస్తే, స్పష్టతా పరిధి 20 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. ముఖం స్పష్టంగా ఉండి, వెనుకనున్నదంతా మెత్తగా కరిగిపోయినట్లు కనిపిస్తుంది.

నెల్లూరు తీరంలో వాడుక

నెల్లూరు తీరం అనగా కావలి ప్రాంతం నుండి మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ సరస్సు వరకు గల బంగాళాఖాత తీరం. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనలో సూళ్ళూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరినవి. అంతకుముందు అవి నెల్లూరు జిల్లాలోనివే.

సూర్యోదయం

తూర్పు తీరం కనుక ఇక్కడ సూర్యుడు సముద్రంలోనుండి ఉదయిస్తాడు. మైపాడు వంటి చోట్ల తెల్లవారుజామున పడవలు, వలలు, మనుషులు అందరూ సూర్యునికి అడ్డంగా నల్లని ఆకారాలుగా కనిపిస్తారు. ఎదురు వెలుతురులో తీసే ఇటువంటి చిత్రాలకు గాజు ముక్కలు తక్కువగా, పూత బాగుగా ఉన్న ప్రైమ్ కటకం అనుకూలం. కటకం ముందు గొట్టపు నీడ తొడుగు తగిలించడం వలన ప్రక్కలనుండి వచ్చే వెలుతురు ఆగుతుంది. సూర్యుడు పైకి వచ్చిన తరువాత కటకంగుండా నేరుగా సూర్యుని చూడరాదు, కంటికి ప్రమాదం.

పడవలు

కెరటాలను దాటించి పడవను సముద్రంలోకి నెట్టడం, తిరిగి వచ్చిన పడవను ఒడ్డుకు లాగడం కొద్ది క్షణాలలో ముగిసిపోతాయి. ఇటువంటి చోట 28 లేక 35 మి.మీ. కటకాన్ని పైన చెప్పిన విధంగా ముందే సరిచేసి ఉంచుకుంటారు. మంచి ఎండలో 100 ఐ.ఎస్.ఓ. ఫిలింకు ఎఫ్/16, సెకనులో 125వ వంతు సరిపోతుందన్నది ఛాయాగ్రాహకుల సామాన్య సూత్రం. ఇసుక, నీరు వెలుతురును తిరగగొట్టే సముద్రతీరంలో ఎఫ్/22 వాడవచ్చు. కాంతిని కొలిచే పరికరం, బ్యాటరీ లేకపోయినా పని జరుగుతుంది.

పక్షులు

పులికాట్ భారతదేశంలో చిలికా తరువాత రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. శీతకాలంలో ఇక్కడకు ఫ్లెమింగోలు వేలాదిగా వస్తాయి. సమీపంలోని నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రంలో నీటి కడప చెట్లపై గూడబాతులు గూళ్ళు కడతాయి. పక్షుల చిత్రణలో చిన్న ప్రైమ్ కటకం చాలదు. 1.3 మీటర్ల ఎత్తు గల ఫ్లెమింగో 100 మీటర్ల దూరంలో ఉంటే, 50 మి.మీ. కటకంతో ఫిలింపై దాని ఎత్తు 0.65 మి.మీ. మాత్రమే. 300 మి.మీ. కటకంతో 3.9 మి.మీ. వస్తుంది. పక్షులను బెదరగొట్టి దగ్గరకు పోవడం తగదు. కనుక 300 లేక 400 మి.మీ. ప్రైమ్ కటకాన్ని ముక్కాలి పీటపై నిలిపి వాడతారు. చిన్న కటకం మాత్రమే ఉన్నవారు ఒక్క పక్షిని కాక, నీరు, ఆకాశం, బారులు తీరిన మొత్తం గుంపును చిత్రించడం మేలు.

రాకెట్ ప్రయోగాలు

పులికాట్ సరస్సుకు, సముద్రానికి మధ్యనున్న శ్రీహరికోట ద్వీపంనుండి 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. 44 మీటర్ల పి.ఎస్.ఎల్.వి. రాకెట్ 15 కిలోమీటర్ల దూరంనుండి 50 మి.మీ. కటకంతో ఫిలింపై 0.15 మి.మీ. మాత్రమే ఉంటుంది. అయితే రాత్రి ప్రయోగాలలో రాకెట్టును కాక, అది గీసే వెలుగు చారను చిత్రించవచ్చు. 24 లేక 28 మి.మీ. కటకాన్ని ముక్కాలి పీటపై నిలిపి, అపెర్చరును ఎఫ్/11 వరకు తగ్గించి, షట్టరును ఒకటి రెండు నిమిషాలు తెరిచి ఉంచితే, నేలనుండి సముద్రంవైపు వంగిన విల్లువంటి గీత ఫిలింపై పడుతుంది. అవకాశం ఒక్కసారే వస్తుంది, మరల తీయడానికి వీలు లేదు. అనంతం వద్ద ఖచ్చితంగా ఆగే లోహపు వలయం ఇటువంటప్పుడు చీకటిలో ఎంతో ఉపకరిస్తుంది.

తీరప్రాంతంలో కటకాలకు కలిగే హాని

బూజు

కటకాలకు అన్నిటికన్న పెద్ద శత్రువు బూజు. గాలిలో తేమ 60-65 శాతం మించి చాలాకాలం ఉన్నప్పుడు గాజుపై బూజు మొలుస్తుంది. మొదట సన్నని సాలెగూడు దారాలవలె కనిపిస్తుంది. అది విడుదల చేసే ఆమ్లాలు ముందు పూతను, తరువాత గాజును తినివేస్తాయి. తొలిదశలో తుడిచి తీసివేయవచ్చు. గాజుపై మచ్చ పడిన తరువాత చేయగలిగినది లేదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు కురిసే నెల్లూరు తీరంలో ఈ ప్రమాదం ఎక్కువ. తోలు సంచి తేమను పీల్చి నిలువ ఉంచుతుంది కనుక కటకాలను దానిలో దాచరాదు.

సంరక్షణకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ లేక స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో కటకాలను ఉంచితే చాలు. నీలిరంగు సిలికా జెల్ తేమ పీల్చిన తరువాత గులాబి రంగుకు మారుతుంది. దానిని 120 డిగ్రీల సెల్సియస్ వద్ద వేడిచేస్తే తేమ పోయి మరల నీలంగా మారుతుంది. నీలిరంగుకు కారణమైన కోబాల్టు లవణం విషపూరితం కనుక, దానిని వంటపాత్రలలో వేడిచేయరాదు, పిల్లలకు అందనీయరాదు. లోపలి తేమ 40-50 శాతం మధ్య ఉండడం మంచిది. మరీ ఎండిపోతే గ్రీజు గట్టిపడుతుంది. బియ్యపు డబ్బాలో కటకాన్ని ఉంచడం మంచి పద్ధతి కాదు. బియ్యపు పొడి వలయాలలోకి చేరుతుంది. వీటన్నిటికన్నా మంచి ఉపాయం, కటకాన్ని తరచుగా బయటకు తీసి వాడడం.

ఉప్పు, ఇసుక

సముద్రపు తుంపర ఆరిన తరువాత గాజుపై ఉప్పు పొర మిగులుతుంది. దానిని పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు స్ఫటికాలు, ఇసుక రేణువులు పూతను గీస్తాయి. మొదట రబ్బరు బుడ్డితో గాలి ఊది, ఆపై మెత్తని కుంచెతో దులిపి, చివరగా శుభ్రమైన నీటితో స్వల్పంగా తడిపిన మెత్తని గుడ్డతో అద్దాలి. ఇసుక మరచుట్టులో పడితే వలయం తిప్పినప్పుడు కరకరమని శబ్దం వస్తుంది. అప్పుడు బలవంతంగా తిప్పక మరమ్మతు తెలిసినవారికి ఇవ్వాలి. ఒడ్డున కటకాలు మార్చకుండా, ఏ కటకం కావాలో ఇంటివద్దనే నిర్ణయించుకొని వెళ్ళడం ఉత్తమం.

వేడి

మే నెలలో నెల్లూరులో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో ఇంకా ఎక్కువ. అప్పుడు గ్రీజులోని నూనె కరిగి అపెర్చరు రేకులపైకి ప్రాకుతుంది. రేకులు జిడ్డుపట్టి నెమ్మదిగా మూసుకుంటాయి. బొమ్మలో వెలుతురు ఎక్కువై పాడవుతుంది. పాత కటకాలలో రెండు గాజు ముక్కలను అతికించిన బంక విడిపోయే అవకాశం కూడా కలదు.

తుపానులు, నెగెటివులు

1989 నవంబరులో గే తుపాను కావలి సమీపంలో తీరం దాటింది. 2015 నవంబరులో భారీ వర్షాలకు నెల్లూరు జిల్లాలో వరదలు వచ్చినవి. ఇటువంటి విపత్తులలో తడిసేది కెమెరా మాత్రమే కాదు. కటకం పోతే మరొకటి కొనవచ్చు. నెగెటివు పోతే ఆ బొమ్మ తిరిగి రాదు. తడిసిన నెగెటివులు, ఫొటోలు ఒకదానికొకటి అతుక్కున్నప్పుడు ఆరనిచ్చి పీకరాదు. శుభ్రమైన చల్లని నీటిలో నానబెట్టి, నిదానంగా విడదీసి, నీడలో వ్రేలాడదీసి ఆరబెట్టాలి. కుటుంబ చిత్రాల నెగెటివులను స్కాన్ చేయించి, ఆ ప్రతులను వేరొక ఊరిలోని బంధువుల వద్ద కూడా ఉంచడం తీరప్రాంతవాసులకు అత్యవసరం.

పాత కటకం కొనేటప్పుడు చూడవలసినవి

కటకం వెనుకనుండి చిన్న టార్చి వెలుగు వేసి చూస్తే బూజు, మసక, గీతలు కనబడతాయి. సన్నని దుమ్ము వలన హాని లేదు.
అపెర్చరు రేకులు పొడిగా, చురుకుగా కదలాలి.
స్పష్టత వలయం ఆద్యంతం ఒకే బిగువుతో తిరగాలి.
ముందు అంచుపై నొక్కులుంటే కటకం క్రింద పడినదని అర్థం.
గాజు పసుపురంగుకు తిరిగి ఉందేమో గమనించాలి. సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 వంటి కొన్ని కటకాలలో థోరియం కలిపిన గాజును వాడారు. కాలక్రమంలో అది పసుపుబారుతుంది. అతినీలలోహిత కాంతిలో కొద్దిరోజులు ఉంచితే పసుపు చాలావరకు తగ్గుతుంది.
కటకం తన కెమెరాకు సరిపోతుందో లేదో ముందే తెలుసుకోవాలి.

పరిమితులు

ప్రైమ్ కటకాలను గురించి కొంత అతిశయోక్తి కూడా కలదు. నేటి మంచి జూమ్ కటకాలు అనేక పాత ప్రైమ్‌లకన్నా స్పష్టమైన బొమ్మలను ఇస్తాయి. అపెర్చరును ఎఫ్/8 వరకు తగ్గించినప్పుడు సాధారణ కటకానికి, ఖరీదైన కటకానికి భేదం చాలా స్వల్పం. పెళ్ళిపందిరిలో, సభలలో కదలడానికి చోటు లేనప్పుడు జూమ్ కటకమే అనుకూలం. మూడు నాలుగు ప్రైమ్ కటకాల బరువు, ఖరీదు కలిపితే ఒక జూమ్‌ను మించవచ్చు. లోహపు గొట్టం, చెక్కిన అంకెలు చూడముచ్చటగా ఉన్నంతమాత్రాన బొమ్మ బాగుంటుందని చెప్పలేము. ప్రారంభకులకు ఒక 50 మి.మీ. లేక 35 మి.మీ. ప్రైమ్ కటకం సరిపోతుంది.

నేటి స్థితి

2000 తరువాత డిజిటల్ కెమెరాల రాకతో ఫిలిం వాడకం తగ్గిపోయింది. కోడక్రోమ్ ఫిలిం తయారీ 2009లో ఆగింది. నికాన్ చివరి ఫిలిం కెమెరా ఎఫ్6 ఉత్పత్తి 2020లో ముగిసింది. అయినప్పటికీ ఫిలింపై ఆసక్తి పూర్తిగా పోలేదు. 2022లో లైకా ఎం6 కెమెరాను తిరిగి తయారుచేయడం మొదలుపెట్టారు. 2024లో 25 మి.మీ. స్థిర కటకంతో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిలిం కెమెరా వెలువడింది. పాత ప్రైమ్ కటకాలను అడాప్టరు సాయంతో అద్దం లేని డిజిటల్ కెమెరాలకు కూడా అమర్చుకోవచ్చు. ఇళ్ళలోని బీరువాలలో మరుగునపడి ఉన్న పాత కటకాలను బూజు పట్టకముందే బయటకు తీసి శుభ్రపరిస్తే, అవి మరొక తరానికి ఉపయోగపడతాయి.

ఇవి కూడా చూడండి

ఛాయాగ్రహణం
కటకం
రాజా దీన్‌దయాళ్
పులికాట్ సరస్సు
నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం